దిగంబరత్వము – ఆరోగ్యము – చలనచిత్రము : పావగడ సీమనుండి ఒక పరిశీలన

వేమన జయంతికి మా పాఠశాల గోడపై ఆ యోగి చిత్రమును వ్రాయింపదలచితిమి. పావగడలో అంగళ్ల పేరుపలకలు వ్రాయు చిత్రకారు డొకడు రంగుల డబ్బాలతో వచ్చెను. నేను చూపిన నమూనా పటములో వేమన వంటిపై నూలుపోగు లేక కూర్చుండి యుండెను. అతడు పటమును చూచెను, నన్ను చూచెను, తరువాత మెల్లగా "సార్, పంచె కట్టమంటారా, కంబళి కప్పమంటారా?" అని అడిగెను. ఉన్నదున్నట్లే వ్రాయుమని చెప్పుటకు నోరు రాలేదు. బాలికలు చదువు పాఠశాల, తల్లిదండ్రులు వచ్చు దినము, ఎవరేమందురో యను శంక. కంబళియే కప్పించితిని. అది చూచుచుండిన ఎనిమిదవ తరగతి బాలుడొకడు "వేమనకు సిగ్గు లేదా సార్?" అని ప్రశ్నించెను. సర్వమును విడిచినవానికి సిగ్గుతో పనిలేదని, మనవారందరు చెప్పు సమాధానమే చెప్పితిని. "అట్లయితే మనమెందుకు కప్పినాము?" అని వాడు మరల అడిగెను. గంట మ్రోగుటచే బ్రదికితిని. ఈ వ్యాసము ఆ బాలునికి ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధాన మనుకొనినను తప్పులేదు.

పాశ్చాత్య దేశములలో 'నేచరిజం' అను నొక జీవన విధానము కలదు. ఎండయు గాలియు నీరును దేహమునకు అడ్డులేక సోకవలెననియు, వస్త్రము మనుష్యుని ప్రకృతినుండి వేరుచేసినదనియు, నియమబద్ధమైన సమాజములో నగ్నముగా నుండుట ఆరోగ్యమునకు, మనశ్శాంతికి హేతువనియు దాని ననుసరించువారు వాదింతురు. పెద్ద సంస్థల ప్రాపు లేక తమంతట తాము చిత్రములు తీయు స్వతంత్ర చలనచిత్రకారులు ఈ జీవనమును తెరపై జూపుటకు పూనుకొనిరి. మన దేశములో దీనినిగూర్చి మాటలాడువారు సాధారణముగా రెండు తెరగుల వారు. ఇది మన సంస్కృతికి విరుద్ధమని చెవులు మూసికొనువారు కొందరు. దిగంబర మునులు, అవధూతలు పుట్టిన దేశములో ఇది క్రొత్త యేమని జబ్బలు చరచుకొనువారు మరికొందరు. ఈ రెండు మాటలును చరిత్రకు నిలువవని నా అభిప్రాయము. అది యెట్లో మా సీమలోని రాళ్లనుండియే మొదలుపెట్టి చెప్పెదను.

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను పటమున జూచినచో మిగిలిన జిల్లాకు దూరముగా, మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టుకొని యుండగా, పడమట మాత్రము కన్నడ నేలను అంటిపెట్టుకొని కనబడును. ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము. దక్షిణమున మడకశిర, తూర్పున పెనుకొండ, దాని కవతల కదిరి. ఈ తాలూకాలోని నిడుగల్లు కొండకోట పూర్వము తెలుగు చోళులలో నొక శాఖవారికి రాజధాని. ఇరుంగోళుడను బిరుదనామముతో ఏలిన ఆ రాజుల కాలమున ఈ ప్రాంతము జైనులకు, ప్రత్యేకించి దిగంబర శాఖవారికి, ఆశ్రయమైనది. 1232వ సంవత్సరపు శాసనము నిడుగల్లు కొండపై పార్శ్వనాథ బసదిని గూర్చి చెప్పుచున్నది. పొరుగుననున్న అమరాపురములో 1278 నాటి శాసనము ఒక సెట్టి జినాలయమునకు పోకతోట నిచ్చినట్లు తెలుపుచున్నది. ఉత్తరముగా మరికొంత దూరము పోయినచో గుంతకల్లు సమీపమున కొనకొండ్ల కలదు. అచ్చటి రససిద్ధుల గుట్టపై నిలుచున్న జినమూర్తులు నేటికిని ఎండకు, వానకు ఎదురుగా నున్నవి. కుందకుందాచార్యుని ఊరు అదియేయని పండితులు పలువురు తలంతురు.

మడకశిర సీమలోని పాటశివరము శాసనము పద్మప్రభ మలధారి దేవుడను మునిని పేర్కొనుచున్నది. కుందకుందుని 'నియమసార'మునకు వ్యాఖ్య రచించినవా డీతడు. ఈ 'మలధారి' యను బిరుదునకు అర్థమేమో పాఠకులు ఒక్కక్షణము ఆలోచింప వేడుచున్నాను. మలమును, అనగా దేహముపై పేరుకొను మాలిన్యమును, ధరించినవాడు అని అర్థము! దిగంబర మునులకు విధింపబడిన ఇరువది యెనిమిది మూలగుణములలో అచేలకత్వము, అనగా వస్త్రములేమి, ఒకటి. అస్నానము, అనగా స్నానము చేయకుండుట, మరియొకటి. పండ్లు తోముకొనకుండుట ఇంకొకటి. తలవెండ్రుకలను చేతితో పెరికివేసికొనుట వేరొకటి. ఈ నియమముల వరుసలో నుంచి చూచినగాని ఆ నగ్నత్వమునకు అర్థము తేలదు. వస్త్రముండిన దానిని సంపాదింపవలెను, ఉతుకవలెను, దాచవలెను. ఉతికినచో జీవహింస, దాచినచో పరిగ్రహము. కావున విడిచిరి. ఎండ వంటికి మంచిదని విడువలేదు. దేహమును బాగుచేసికొనుటకు కాదు, దేహముపై మమత తెంచుకొనుటకు విడిచిరి. ఆ మునిని తెచ్చి ఆరోగ్యవాదులకు మూలపురుషునిగా నిలుపుట ఆయనను గౌరవించుట కాదు. ఆయన చెప్పిన మాటను విననే లేదని ఒప్పుకొనుట.

వేమన సంగతి కొంత వేరు. కదిరి దగ్గరి కటారుపల్లిలో ఆయన సమాధి కలదు. కాలనిర్ణయము విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. 1829లో బ్రౌను దొర పద్యములను అచ్చువేయించిన పిదప ఆయన పేరు దేశ దేశములకు ప్రాకెను. కన్నడ దేశములో ఆయనను తమవానిగానే భావించి జనవరి 19వ తేదీని ప్రభుత్వమే జయంతిగా జరుపుచున్నది. ఆయనను దిగంబరునిగా చిత్రించు సంప్రదాయము చాలకాలముగా నున్నది. ఈ నగ్నత్వము మునిసంఘపు నియమము కాదు, ఒంటరివాని తిరుగుబాటు. వేషమును జూచి గురువని మ్రొక్కు లోకమునకు అన్ని వేషములను విప్పి చూపినవాని బొమ్మ అది. కన్నడ దేశమున పండ్రెండవ శతాబ్దమున జీవించిన అక్క మహాదేవి కేశములే వస్త్రముగా నడచినదను ఐతిహ్యమును ఈ కోవలోనిదే. చూచువారి చూపునే ప్రశ్నించు నగ్నత్వమిది. వీరిరువురిలో నెవరును ఒక సంఘమును పెట్టి, సభ్యత్వ రుసుము గైకొని, నదీతీరమున వారాంతపు విడిది నేర్పరుపలేదు.

అట్టి సంఘమును మన దేశమున మొట్టమొదట పెట్టినవా డొక ఆంగ్లేయుడు. 1891లో బొంబాయి సమీపమున ఠాణాలో జిల్లా న్యాయాధిపతిగా నుండిన చార్లెస్ క్రాఫర్డు 'ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్' అను పేర ఒక సంఘమును స్థాపించెను. ప్రపంచమున నేచరిస్టు సంఘములలో మనకు తెలిసినంతవరకు ఇదియే మొదటిది. సభ్యులు ముగ్గురు. ఎడ్వర్డు కార్పెంటరను ఆంగ్ల రచయితకు క్రాఫర్డు వ్రాసిన లేఖలవలన ఈ వృత్తాంతము లోకమునకు తెలిసినది. మరుసటి సంవత్సరము న్యాయాధిపతికి బదిలీ యైనది, సంఘమును అంతటితో చల్లారినది. ముగ్గురి సంఘమునుగూర్చి ఇంత చెప్పనేల యని అడుగవచ్చును. గోచి కట్టి కొంకణపు పొలములలో మోకాలిలోతు బురదలో నాటువేయు రైతును చూచి ఇతడు అనాగరికుడని తెల్లవారు వ్రాసికొనుచుండిన కాలమది. ఆ రైతు బీదతనముచే విప్పినది దొరకు స్వేచ్ఛగా కనబడినది! నగ్నత్వము ఎవరిది, అది కోరుకొనినదా లేక తప్పనిదా యను ప్రశ్న వేయక ఈ విషయమును ఎవరు చర్చించినను నాకు తృప్తి కలుగదు.

గాంధిమహాత్ముడు ఈ ప్రశ్నను వేసినవాడు. 1921 సెప్టెంబరులో మధురలో ఆయన చొక్కాను, టోపీని విడిచి మోకాళ్లవరకు వచ్చు కొల్లాయి మాత్రము ధరించుటకు నిశ్చయించుకొనెను. బీదల దుస్తులు బీదలకే పరిమితము కాకూడదని ఆయన తలంపు. 1931లో చర్చిలు ఆయనను అర్ధనగ్న ఫకీరని యీసడించెను. 1944లో మహాత్ముడు ఆ చర్చిలునకే లేఖ వ్రాయుచు, ఆ మాటను ప్రశంసగా గ్రహించితిననియు, పూర్తిగా నగ్న ఫకీరు కావలెనని ప్రయత్నించుచున్నాననియు తెలిపెను. అయితే మహాత్మునిలో మరియొక పాయ కూడ కలదు. దక్షిణాఫ్రికాలో నుండగనే లూయీ కూనే, అడాల్ఫ్ యుస్ట్ అను జర్మనుల గ్రంథములను చదివి, తొట్టిస్నానములను, మట్టిపట్టీలను తనపైనను తనవారిపైనను ప్రయోగించి చూచెను. ఆగాఖాను మందిరములో నిర్బంధమున నుండగా 1942లో వ్రాసిన ఆరోగ్య గ్రంథములో ఉదయపుటెండలో వస్త్రములు లేక సూర్యస్నానము చేయుట మంచిదనియు, చాటు లేనిచోట చిన్న వస్త్రఖండముతో కప్పుకొనవచ్చుననియు చెప్పెను. 1946లో పూనా దగ్గర ఉరుళీకాంచన్ గ్రామమున ప్రకృతిచికిత్సాశ్రమమును నెలకొల్పెను.

కూనే పేరు వచ్చినది గనుక తెలుగువారు మరువరాని ఒక సంగతిని ఇచ్చట చెప్పవలెను. లైప్సిగు నగరమున 1883లో చికిత్సాలయము తెరచిన ఈ కూనే గ్రంథమునకు 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతిశర్మగారు తెలుగు అనువాదమును వెలువరించిరి. మన దేశమున ప్రకృతిచికిత్సా వాఙ్మయమునకు ఇదియే నాంది యని ఆ వైద్యచరిత్ర వ్రాసినవారందరు చెప్పుదురు. ఉర్దూ, హిందీ అనువాదములు శ్రోత్రియ కిషన్ స్వరూపుని చేతిమీదుగా వెలువడినది 1904లో, అనగా తెలుగు తరువాత పదియేండ్లకు. గాంధి ఆశ్రమమునకు అర్ధశతాబ్దము ముందే మన భాషలో ఈ బీజము పడినది. పిమ్మట భీమవరమున వేగిరాజు కృష్ణంరాజుగారు, 1949లో హైదరాబాదులో బి. వెంకటరావుగారు చికిత్సాలయములను నెలకొల్పి ఈ మార్గమును నిలిపిరి. మహాత్ముని పేరు చెప్పినంత బిగ్గరగా శర్మగారి పేరు చెప్పకపోవుట మన లోపమే. మా పాఠశాల గ్రంథాలయమున ఆ గ్రంథపు ప్రతి లేదు. ఇరుగు పొరుగున నున్నట్లును నేను వినలేదు.

జర్మనులు, వారి పొరుగువారు ఈ మార్గమున పడిన పాదుల నిచ్చట సంగ్రహముగా చెప్పెదను. 1855లోనే ఆర్నాల్డు రిక్లీ యను స్విస్సు దేశీయుడు నేటి స్లొవీనియాలోని బ్లెడు సరస్సు ఒడ్డున వెలుగు, గాలి చికిత్సలను ఆరంభించెను. యుస్ట్ 1896లో హార్జు పర్వతములలో 'యుంగ్‌బార్న్' అను విడిదిని తెరచెను. 1903లో పాల్ జిమ్మర్‌మన్ను ల్యూబెకు ప్రాంతమున నగ్నవాసులకై ఒక ఉద్యానమును తెరచెను. ఆ ఇరువదవ శతాబ్దారంభమున బొగ్గుపొగ క్రమ్మిన నగరములలో బిడ్డలు సూర్యుని యెరుగక పెరుగుచు కాళ్లు వంకరలు పోయి రికెట్సు వ్యాధికి లోనగుచుండిరి. 1890లో పామ్ అను వైద్యుడు, జపానులో పనిచేసిన అనుభవముతో, ఈ వ్యాధికి సూర్యరశ్మి లేమియే కారణమని సూచించెను. 1903లో ఫిన్సెనుకు చర్మక్షయమునకు కాంతిచికిత్స కనిపెట్టినందుకు నోబెలు బహుమతి వచ్చినది. ఆ యేడే రోలియే యను వైద్యుడు స్విట్జర్లాండులోని లేజాను కొండలపై ఎముకల క్షయగల బిడ్డలను గోచులతో ఎండలో పరుండబెట్టుటకు మొదలిడెను. 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ పాదరసపు దీపకాంతితో రికెట్సును నయము చేయగలిగెను. చర్మముపై అతినీలలోహిత కిరణములు పడగా దేహమున 'డి' విటమిను తయారగునను శాస్త్రమున కిదియే మార్గమైనది. ప్రకృతివాదుల పట్టుదలలో కొంత సత్యము లేకపోలేదని దీనివలన తెలియుచున్నది.

సత్యముతోపాటు విషము కూడ కలదు. జర్మనీలో నగ్నజీవనమును బోధించిన ఉంగెవిట్టరు ప్రభృతులు దేహారోగ్యమునుండి జాతిశుద్ధికి జారిపోయిరి. ఆరోగ్యవంతమైన దేహము మంచిదనుట వేరు, ఆ దేహము గలవారే మనుష్యులనుట వేరు. 1933లో నాజీలు అధికారమునకు రాగానే మొదట ఇట్టి సంఘములను నిషేధించి, పిమ్మట తమకు లోబడినవానిని తమ నీడక్రింద సాగనిచ్చిరి. దేహమును పూజించు ఏ వాదమును చదువునప్పుడును ఈ అధ్యాయమును పుటలు త్రిప్పి దాటిపోరాదు.

మా సీమకు మరల వత్తము. సూర్యుడు ఆరోగ్యదాత యనుచో పావగడవారికంటె ఆరోగ్యవంతులు భూమిమీద నుండరాదు! తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13 వేల ఎకరములలో పరచిన సౌరఫలకములు 2019 నాటికి 2050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరినవి. రైతులు నేలను అమ్మక కౌలునకిచ్చిరి. ఆ ఎండలోనే మిగిలిన పొలములలో వేరుసెనగ పీకు స్త్రీలను నేను దినము చూతును. చీరపై మగవారి నిండుచేతుల చొక్కా, తలకు తువ్వాలు, ముఖమున కన్నులు తప్ప తక్కినది కనబడదు. సూర్యుని అందరికంటె బాగుగా నెరిగినవారు విప్పుకొనుట లేదు, కప్పుకొనుచున్నారు. లేజాను కొండలపై చలికాలపు వెలుగునకై అంగలార్చిన బిడ్డ అవసరము వేరు, పావగడ చైత్రమాసపు మిట్టమధ్యాహ్నపు కూలి అవసరము వేరు. అయినను మన దేశమున 'డి' విటమిను లోపము విరివిగా నున్నదని వైద్యులు చెప్పుచున్నారు. ఎండ ఉండుట చాలదు, అది తగినపాళమున చర్మమునకు సోకవలెను, ఆహారమును కుదరవలెను. ఉదయమున కొంతసేపు చేతులు, కాళ్లు ఎండకు చూపుటకు దిగంబరత్వముతో పనిలేదు.

నీటి సంగతి ఇంతకంటె కఠినము. ప్రకృతివాదులు నేలలోని నీటిని ఔషధమని పొగడుదురు. మా తాలూకాలో లోతైన బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికము. అదియు ప్రకృతి యిచ్చినదే. పండ్లపై గోధుమరంగు చారలు, ఎముకల బిగువు, వంగిన నడుములు దాని ఫలము. ఈ వ్యాధిని మన దేశమున మొదట శాస్త్రీయముగా వర్ణించినది 1937లో, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు సీమ తెలుగు పల్లెలనుండియే. నా తరగతిలో నవ్వునపుడు అరచేతితో నోరు మూసికొను బిడ్డలు కలరు. వారు దాచునది దేహమును కాదు, పండ్లను. 'ప్రకృతికి మరలుడు' అను మాట వినబడినప్పుడెల్ల నాకు ఆ అరచేతులు జ్ఞప్తికి వచ్చును. వడగట్టిన నీరు, అనగా మనుష్యుని యంత్రము శుద్ధిచేసిన నీరు, ఇచ్చట ఆరోగ్యము.

ఇక చలనచిత్రము. 1925లో జర్మనీలో ఊఫా సంస్థ దేహసంస్కృతిపై పెద్ద చిత్రమొకటి తీసెను గాని అది ధనవంతమైన సంస్థ పని. స్వతంత్రుల కథ అమెరికాలో చూడవలెను. 1933లో బ్రయన్ ఫాయ్ కాలిఫోర్నియాలోని నగ్నవాసుల విడిదిలో 'ఎలీషియా' యను చిత్రమును తీసెను. మరుసటి యేడు హాలీవుడ్డు పెద్ద సంస్థలు తమకు తామే కఠిన నియమావళిని బిగించుకొనుటచే ఈ విషయము వెలివేయబడినవారి సొత్తైనది. 1954లో వెలువడిన 'గార్డెన్ ఆఫ్ ఈడెన్' ఫ్లారిడాలోని విడిదిలో తీసినది. న్యూయార్కు రాష్ట్రపు అధికారులు దానికి అనుమతి నిరాకరింపగా వ్యాజ్యము జరిగి, 1957లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము నగ్నత్వము దానంతటదియే అశ్లీలము కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు తలుపు తెరచినది. లోపలికి వచ్చినవారు మాత్రము అందరును ఆరోగ్యకాములు కారు. డోరిస్ విష్మన్ అను స్త్రీ, భర్త మరణించిన పిమ్మట ఒంటరిగా పూనుకొని, 1960లో 'హైడౌట్ ఇన్ ది సన్', 1961లో 'న్యూడ్ ఆన్ ది మూన్' మొదలగు చిత్రములను అల్పధనముతో నిర్మించెను. భూమిపై నగ్నవాసుల విడిది చూపుటకు తీర్పు సమ్మతించినను చంద్రలోకపు నగ్నత్వమునకు సమ్మతి లేదని న్యూయార్కువారు అడ్డుపెట్టిరని చెప్పుదురు. న్యాయవాదుల తర్కము చంద్రమండలమునకు కూడ ఎగబ్రాకినదన్నమాట.

ఈ చిత్రములలో చూపించునది బంతియాట, ఈత, ఎండలో విశ్రాంతి, సరిగా వేళకు అడ్డము వచ్చు తువ్వాలు లేక పొద. ఆరోగ్యమునుగూర్చి ఒక వైద్యుడో, విడిది యజమానియో ఉపన్యసించును. టిక్కెట్టు కొన్నవాడు మాత్రము ఉపన్యాసమునకు వచ్చినవాడు కాడు. అట్లని ఆ స్వతంత్రులను పూర్తిగా త్రోసివేయుటకును నా మనసొప్పదు. వారి వ్యాజ్యములు లేకున్నచో దేహమును గంభీరముగా చూపదలచిన పిదపటివారికి మార్గముండెడిది కాదు.

మన దేశమున 1952 నాటి చలనచిత్ర చట్టము ప్రదర్శనకు ముందే పరిశీలనను విధించినది. కె. ఎ. అబ్బాస్ తన లఘుచిత్రమునకై వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1970 సెప్టెంబరులో ఆ పరిశీలనను సమర్థించుచునే, కళకును అశ్లీలతకును భేదము గ్రహింపవలెనని హెచ్చరించెను. ఆ సంవత్సరముననే మన తెలుగువాడొకడు కన్నడ దేశమున సెన్సారుతో పోరాడుచుండెను. నెల్లూరువాడైన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అను కవితాసంపుటితో తెలుగు ఛందస్సును ఉలికిపడజేసినవాడు. 'పెళ్లినాటి ప్రమాణాలు' వంటి ప్రజాచిత్రములలో భాగస్వామియై, పిదప ఆ మార్గమును విడిచి అనంతమూర్తి నవలను 'సంస్కార'గా తెరకెక్కించెను. గిరీశ్ కర్నాడు, స్నేహలతారెడ్డి, లంకేశు నటులు. ఆస్ట్రేలియా దేశీయుడు టామ్ కోవన్ ఛాయాగ్రాహకుడు. శృంగేరి సమీపమున వైకుంఠపురమను పల్లె రంగస్థలము. మద్రాసు సెన్సారువారు మొదట నిరాకరించిరి. తరువాత అనుమతి లభించి, 1970కి ఉత్తమ చిత్రముగా రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందెను.

ఆ చిత్రమునందు నగ్నత్వము లేదు. నేనిచ్చట దానిని పేర్కొనుటకు కారణము వేరు. అగ్రహారమున నొకడు చనిపోయి యుండును. అతనికి సంస్కారము ఎవరు చేయవలెనను తర్కములో శవము కుళ్లుచుండును. ఎలుకలు చచ్చుచుండును, మహామారి వ్యాపించుచుండును, శుద్ధినిగూర్చి వాదము మాత్రము ఆగదు. ఆచార్యునికి అడవిలో చంద్రి స్పర్శవలన తన దేహమొకటి కలదని తెలియును. దేహము అపవిత్రమను భావన ఊరి ఆరోగ్యమునే ఎట్లు చెరుపునో చూపిన చిత్రమిది. ఆరోగ్యోపన్యాసములతో నిండిన నగ్నచిత్రములన్నిటికంటె దేహమునుగూర్చి ఇందులో ఎక్కువ నిజము కలదని నేను నమ్ముచున్నాను. సెన్సారువారు భయపడినది బట్టలు లేనందుకు కాదు, కులముపై కప్పిన బట్టను లాగినందుకు. చంద్రి పాత్ర ధరించిన స్నేహలతారెడ్డి, పట్టాభి భార్య, అత్యవసర పరిస్థితి కాలమున 1976 మే నెలలో నిర్బంధింపబడి, ఉబ్బసముతో బాధపడుచు బెంగుళూరు కారాగారమున ఎనిమిది నెలలుండి, విడుదలయైన కొలది దినములకే 1977 జనవరి 20వ తేదీన మరణించెను. పట్టాభి తరువాత 1993లో 'దేవర కాడు' అను చిత్రమును అడవిని వస్తువుగా తీసి పర్యావరణ విభాగమున జాతీయ బహుమతి నందెను.

నగ్నత్వమునుగూర్చి మన న్యాయస్థానపు స్పష్టమైన మాట 1996లో వచ్చినది. 'బాండిట్ క్వీన్' చిత్రములో ఒక స్త్రీని ఊరినడుమ వివస్త్రను చేసి నడిపించు దృశ్యముండెను. అది కామమును రేపుటకు కాదు, చూచువానికి ఆ దుర్మార్గముపై రోత పుట్టించుటకని సుప్రీంకోర్టు చెప్పెను. 2014లో వేరొక తీర్పున, ఒక క్రీడాకారుడు తనకు కాబోవు భార్యతో నగ్నముగా దిగిన ఛాయాచిత్రమును పత్రికవారు అచ్చువేసినది అశ్లీలము కాదని, నేటి సమాజపు ప్రమాణములతో, సందర్భముతో కలిపి చూడవలెనని నిర్ణయించెను. ఒకే నగ్నదేహము ఒకచోట తపస్సు, ఒకచోట చికిత్స, ఒకచోట వ్యాపారము, ఒకచోట అవమానము. బట్ట లేకపోవుట ఒక్కటే చూచినచో ఇందులో ఏదియు తెలియదు.

ఎనిమిదవ తరగతి బాలుడు ఇప్పుడు తొమ్మిదిలో నున్నాడు. మొన్న వానిని పిలిచి, వేమనకు సిగ్గు లేకపోలేదు, వేషము వేయుటకు సిగ్గుపడెను, కంబళి కప్పినది మన భయమే కాని ఆయన అవసరము కాదు అని చెప్పితిని. వాడు తలయూపి "అయితే ఈసారి కంబళి వద్దా సార్?" అని అడిగెను. రాబోవు జయంతికి గోడకు మరల సున్నము కొట్టవలసి యున్నది. నమూనా పటమునే వ్రాయించుటకు అనుమతి కోరుచు పాఠశాలాభివృద్ధి సమితికి అర్జీ పెట్టితిని. కన్నడములో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి. తరువాతి సమావేశమునందు చర్చింతుమని అధ్యక్షులు సెలవిచ్చిరి.